నల్ల దారం విప్పిన రోజు

నా చిన్నప్పుడు మా తాతయ్య కొత్త సరుకు దేన్నీ అమ్మినవాడి మాట మీద నమ్మేవాడు కాదు. పెడనలో కలంకారీ అద్దకం ఆయన పని. గుడ్డని కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఎరుపు కావలసిన చోట చెక్క అచ్చుతో పటిక అద్దుతారు. అద్దినప్పుడు ఎరుపు కనపడదు. గుడ్డని కాలవ నీళ్లలో జాడించి, పెద్ద కాగులో రంగునిచ్చే చెట్ల వేళ్లూ ఆకులూ వేసి ఉడికించాక గాని రంగు బయటికి రాదు. అప్పటికి దిద్దుకునేందుకు ఏమీ మిగలదు. అందుకని కొత్త పటిక వచ్చినప్పుడల్లా తాతయ్య ఒకే తానులోంచి రెండు పీలికలు చింపేవాడు. ఒకదానికి పాత పటిక, ఇంకోదానికి కొత్తది అద్దేవాడు. ఏది ఏదో తనకి గుర్తుండడానికి మూలన దారం కట్టేవాడు. రెండు చుట్లు తిప్పి వేసిన ఆ చిన్న ముడి ఉడుకు నీళ్లలో కూడా ఊడేది కాదు. రెంటినీ ఒకే ఎండలో ఆరబెట్టి, ఒకే కాగులో ఉడికించి, ఏమీ చెప్పకుండా అమ్మమ్మ చేతిలో పెట్టి ఏది బాగుందో చెప్పమనేవాడు. మీరే చూసుకోవచ్చుగా అని ఆవిడ విసుక్కునేది. నేను చూస్తే నాకు కావలసిందే నా కంటికి కనిపిస్తుంది అనేవాడు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, వేసవి సెలవులకి బందరు నుంచి నన్ను వాళ్లింట్లో దింపిన వారానికి, ఊళ్లో కోళ్లకి కొక్కెర తెగులు తగిలింది. కోళ్లు రెక్కలు వాల్చి, మెడ పక్కకి తిప్పుకుని, నిలబడ్డ చోటే కూలిపోయేవి. టీకా వేయించాల్సిన సమయం దాటిపోయింది. అమ్మమ్మ దగ్గర అప్పుడు పన్నెండు కోడిపిల్లలున్నాయి. వాటిలో ఒకదానికి నడినెత్తి మీద నల్లటి చుక్క ఉండేది. నేను దాన్ని బొట్టు అని పిలిచేదాన్ని. నేను అరుగు మీద కూర్చుంటే నా గౌను అంచు పట్టుకుని లాగేది. మిగతా పదకొండింటికి నేను పేర్లు పెట్టలేదు.

గుడివాడ వైపు నుంచి సైకిలు మీద వచ్చిన ఒకాయన పసుపురంగు పొడి అమ్మాడు. నూకల్లో కలిపి పెడితే తెగులు దరిదాపులకి రాదన్నాడు. వీధి వీధంతా కొంది. పక్కింటి అక్క కూడా కొంది. ఆవిడకి ఇరవై దాకా పెట్టలుండేవి. వాటి గుడ్ల మీద వచ్చినదానితో కుట్టుమిషను కొనుక్కోవాలని ఆవిడ ఆశ. పొట్లం విప్పబోతూ మా ఇంటికొచ్చి, ముందు మీ కోళ్లకి పెట్టి చూడండి బాబాయ్ అంది. తాతయ్య అన్నిటికీ పెట్టనన్నాడు. ఆరింటికి పెడతాను, ఆరింటికి పెట్టను, అన్నీ ఒకే దొడ్లో తిరుగుతాయి, ఐదు రోజులాగు అన్నాడు.

"కోడిపిల్లల్ని గుడ్డముక్కలనుకున్నారా?" అంది అమ్మమ్మ.

"గుడ్డముక్క పాడైతే ఇంకోటి చింపుకోవచ్చు. ఇవి ప్రాణాలు కాబట్టే ఇలా చూడటం."

అమ్మమ్మ కళ్లు మూసుకుని గంపలో చెయ్యిపెట్టి ఒక్కో పిల్లని తీసింది. చేతికొచ్చిన వరసలో ఒకదాని కాలికి ఎర్ర దారం, తర్వాతదానికి నల్ల దారం తాతయ్య తన ముడితో కట్టాడు. మంచిదాన్ని ఇటు, నీరసంగా ఉన్నదాన్ని అటు అని మనం ఏరితే మందు సంగతి తెలియదు, మన సంగతే తెలుస్తుంది అన్నాడు తాతయ్య. రెండు చిప్పల్లో నూకలు పోశాడు. రెంటిలోనూ పసుపు కలిపాడు, చూడటానికి ఒకేలా ఉండాలని. మందు మాత్రం ఒక చిప్పలోనే కలిపాడు. ఒక చిప్పకి ఎర్ర దారం, ఒకదానికి నల్ల దారం చుట్టాడు. మర్నాటి నుంచి మేత పెట్టేది అమ్మమ్మ. మేతప్పుడూ రాత్రిపూటా ఎర్ర దారాలవి ఒక గంప కింద, నల్ల దారాలవి ఇంకో గంప కింద. ఏ రంగు చిప్పలో మందుందో ఆవిడకీ చెప్పలేదు. నాకూ చెప్పలేదు. కాని నేను తడిక సందులోంచి చూశాను. మందు ఎర్ర దారం చిప్పలో ఉంది. బొట్టు కాలికి నల్ల దారం పడింది.

మర్నాడు అమ్మమ్మ లేవకముందే గంపలు ఎత్తి బొట్టు కాలి నల్ల దారం విప్పాను. ఎర్ర దారం ఉన్న ఒక గోధుమరంగు పిల్లని పట్టుకుని, దాని దారం దీనికి, దీని దారం దానికి కట్టి గంపలు మార్చాను. తాతయ్య వేసే ముడి నాకు రాదు. జడ రిబ్బను ముడిలాగా కట్టాను. ఆ గోధుమరంగు పిల్ల ఏమవుతుందో అని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఎర్ర దారం కట్టుకున్న బొట్టు ఆ పూట మందు కలిపిన నూకలు గబగబా తింది. నాకు చాలా సంతోషం వేసింది.

మూడో రోజు ఎర్ర దారాల గంపలో ఒకటి కదలకుండా పడి ఉంది. నాలుగో రోజు పొద్దున్నే ఇంకో రెండు. ఎర్ర దారాలవే పోతున్నాయని అమ్మమ్మకి అప్పటికి అర్థమైపోయింది. చిప్ప విసిరికొట్టి, ఏ రంగులో ఏముందో నాకక్కర్లేదు, ఇక ఆపండి అని ఏడ్చింది. తాతయ్య ఆపలేదు. ఐదు రోజులన్నాను, ఐదు రోజులే అన్నాడు. ఇంకో చిప్ప తెచ్చి తనే మేత పెట్టాడు. దారాలు మార్చానని నేను చెప్పి ఉండవలసింది. చెబితే తిడతారని చెప్పలేదు. ఆ సాయంత్రం బొట్టు నా గౌనులో పడుకుని, మెడ తిప్పి, ముక్కు రెండుసార్లు తెరిచింది. అంతే.

ఐదో రోజు పొద్దున నల్ల దారాల్లోనూ ఒకటి పోయింది. పక్కింటి అక్క పొట్లం పట్టుకుని వచ్చింది. తాతయ్య చచ్చిన పిల్లల కాళ్ల నుంచి కోసి దాచిన దారాలు అద్దకం బల్ల మీద వరసగా పెట్టాడు. నాలుగు ఎర్రవి, ఒకటి నల్లది. నన్ను పిలిచాడు. ఎర్ర దారాల్లో ఒకదాన్ని వేలితో జరిపాడు.

"ఇది ఎవరి ముడి?"

అక్క నన్ను చూసింది. "దాని మొహం చూసి అడగండి" అంది అమ్మమ్మ, అంటే నన్ను అడగొద్దని. ఆయన బతికున్న పిల్లల్లోంచి ఆ గోధుమరంగుదాన్ని పట్టుకొచ్చి దాని కాలి నల్ల దారం కూడా చూపించాడు. అదీ రిబ్బను ముడే. మొదటి రోజు మేత పెట్టకముందే చూశానన్నాడు.

"మరి అప్పుడే చెప్పొచ్చుగా తాతయ్యా."

"ఏమని చెప్పను? తప్పు చేశావని తిట్టనా, మంచిపని చేశావని మెచ్చుకోనా? ఏ వైపు మంచిదో నాకు తెలిస్తే ఈ దారాలెందుకే?"

గోధుమరంగుదాని దారం కూడా కోసి, ఆ రెండు దారాలూ పక్కన పడేశాడు. ఇవి లెక్కలోకి రావు అన్నాడు. అక్క వైపు తిరిగి, మందు తిన్న ఐదింట్లో మూడు పోయాయి, తినని ఐదింట్లో ఒకటి పోయింది, ఇంత కొంచెంతో నేను ఒట్టేసి చెప్పలేను, పన్నెండూ సరిగ్గా ఉండుంటే ఇంకాస్త గట్టిగా చెప్పేవాణ్ణి, మా ఇంట్లో అయితే ఇక పెట్టం అన్నాడు. అక్క పొట్లం కొంగున ముడేసుకుంది. మావాటిలో రెండు ఇప్పటికే వాలిపోయాయి బాబాయ్, మీరే గట్టిగా చెప్పలేనంటుంటే ఊరికే ఎలా కూర్చోను అంది. వెళ్లి అన్నిటికీ పెట్టేసింది. వారం తిరిగేసరికి ఆవిడ దొడ్లో రెండు పెట్టలు మిగిలాయి. మందు వల్ల పోయాయో తెగులు వల్ల పోయాయో ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే ఆవిడ అన్నిటికీ పెట్టింది. కుట్టుమిషను రాలేదు. తర్వాత సెలవుల్లో కనపడ్డప్పుడల్లా నన్ను పిలిచి జడ వేసేది. ఒక్క మాట కూడా అనేది కాదు. అంటే బాగుండేది.

గోధుమరంగు పిల్ల పెద్దదై మూడేళ్లు గుడ్లు పెట్టింది. అమ్మమ్మ ఆ గుడ్లే నాకు పెట్టేది. తినకపోతే కొసరి కొసరి పెట్టేది.

తాతయ్యని నేను క్షమించానా అంటే ఇప్పటికీ తెలియదు. తొమ్మిదేళ్ల పిల్లని పదిమందిలో నిలబెట్టాడు. నాలుగో రోజు ఆపి ఉంటే బొట్టు బతికేదేమో. బొట్టు చావు ఆయనకి లెక్కలోకి కూడా రాలేదు. బొట్టుకీ ఆ గోధుమరంగుదానికీ తేడా నాకు ఒక్కదానికే ఉందని కూడా ఆయనే చూపించాడు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం మా పాప. దానికి నాలుగేళ్లు. రెండేళ్లుగా కిడ్నీ జబ్బు. మూత్రంలో ప్రొటీను పోతుంది, పొద్దున లేచేసరికి కళ్లు మూసుకుపోయేంతగా మొహం వాస్తుంది, స్టెరాయిడ్ ఇస్తే తగ్గుతుంది, ఆపితే మళ్లీ వస్తుంది. యూనివర్సిటీ మెడికల్ కాలేజీలో ఈ జబ్బుకి ఒక కొత్త మందు మీద ట్రయల్ నడుస్తోంది. చేర్పిస్తారా అని అడిగారు. అక్కడి డాక్టరమ్మ తెలుగులో అచ్చువేసిన కాగితాలు నా ముందు పెట్టి, ఒక్కో పేజీ చదివి చెప్పింది. పిల్లల్ని రెండు గుంపులు చేస్తారట. ఎవరు ఎటో డాక్టరు ఏరరు, కంప్యూటర్ చీటీ తీస్తుంది. ఇప్పుడు వాడే మందులు అందరికీ ఉంటాయి. దానికి తోడు ఒక గుంపుకి కొత్త మాత్ర, రెండో గుంపుకి అచ్చం అలాగే ఉండే, మందు లేని ఉత్త మాత్ర. ఏది ఎవరిదో మాకూ తెలియదు, ఆవిడకీ తెలియదు. జబ్బు తిరగబెడితే ఎప్పటిలాగే వెంటనే వైద్యం చేస్తారు. ఎప్పుడు వద్దనుకున్నా మానేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు.

మా పాపని కొత్త మందు వైపు వెయ్యండి మేడమ్ అని నేనూ అడిగాను. అందరూ అడుగుతారమ్మా అంది ఆవిడ. "అదే మంచిదని తెలిస్తే అందరికీ అదే ఇచ్చేవాళ్లం కదా."

ఇరవయ్యేళ్ల పైచిలుకు తర్వాత తాతయ్య మాటే ఇంకో నోటి నుంచి విన్నాను. అప్పుడు ఒక ప్రశ్న అడిగాను. ఒక వైపు పిల్లలకి బాగా లేకపోతే, మొదట అనుకున్న గడువు దాకా చూస్తూ కూర్చుంటారా, మధ్యలో ఆపుతారా? ఆవిడ పెన్ను కింద పెట్టింది. మాతో సంబంధం లేని కమిటీ ఒకటుందమ్మా, ఏ గుంపు ఏదో వాళ్లు తెలుసుకోగలరు, మధ్యమధ్యలో వివరాలన్నీ చూస్తారు, ఒక వైపు కీడు కనిపిస్తే ఆపించేస్తారు అంది. ఆ సంగతి రాసి ఉన్న పేజీ తీసి చూపించింది. తాతయ్య ఇంట్లో ఆ పని చేయబోయింది అమ్మమ్మ. ఆవిడ మాట ఎవరూ వినలేదు.

సంతకం పెట్టాను. పెట్టి బయటికొచ్చేసరికి మా మరిది ఫోను చేశాడు. ఆ కాలేజీ మందుల స్టోరులో వాడి స్నేహితుడు పనిచేస్తాడు. "వదినా, ఒక్క మాట చెబితే చాలు, పాపది ఏ డబ్బానో చూసి చెప్పిస్తాను. ఉత్తదైతే మార్పించే దారి కూడా చూద్దాం. పరాయివాళ్లమా?"

బస్టాండులో పాపని ఎత్తుకుని నిలబడ్డాను. వెంటనే వద్దనలేకపోయాను. మారిస్తే ఎవరి పిల్లతో మారుస్తారు అని అడిగాను. అదెవరికి తెలుసు వదినా, ఎవరో ఒకళ్లు అన్నాడు. వద్దన్నాను. మంచితనంతో అనలేదు. మారిస్తే ఎటు మారుస్తున్నానో నాకు తెలియదు కాబట్టి అన్నాను.

ఇప్పటికి పదకొండు రోజులు. పాప పక్కన నిద్రపోతోంది, రేపు పొద్దున దాని కళ్లు ఎంత వాస్తాయోనని కూర్చుని ఇది రాస్తున్నాను. వంటింటి అలమరలో డబ్బా ఉంది, దాని మీద ఒక నంబరు తప్ప ఏమీ లేదు. పొద్దున మూత తీసి మాత్ర చేతిలోకి తీసుకున్నప్పుడు, ఒక్కసారి నాలుక మీద పెట్టి చేదుగా ఉందో లేదో చూడాలనిపిస్తుంది. ఎంత గట్టిగా అనిపిస్తుందంటే నోట్లో నీళ్లూరతాయి. మాత్ర పాప నోట్లో వేసి, నీళ్లు తాగించి, ఆ పొడి అంటిన వేళ్లు సబ్బుతో కడుక్కుంటాను.