మూడో కుర్చీలో జోసీ

నెబ్రాస్కాలోని ఆ చిన్న ఊళ్లో మంగళవారం సాయంత్రం పెద్దవాళ్లు ఖాళీ చేసిన కోర్టు గదిలో పిల్లల కోర్టు నడుస్తుంది. జడ్జి, లాయర్లు, జ్యూరీ అంతా బడిపిల్లలే. తప్పు ఒప్పుకున్న తోటి పిల్లలకు శిక్ష వేయడమే వాళ్ల పని. పదహారేళ్ల లొరెట్టా అక్కడ ప్రాసిక్యూటర్. జీతం భత్యం లేని కొలువే గానీ, ఆ నల్ల కోటు తొడిగితే పిల్ల నేలమీద నడిచేది కాదు.

ఆ రోజు బోనులో పదమూడేళ్ల జోసీ. మందుల షాపులో ముఖం మచ్చలు కప్పే క్రీము ట్యూబు కాజేసింది.

"బొడ్డూడలేదు, నీకప్పుడే సోకులా?" అంది లొరెట్టా. జ్యూరీ కిసుక్కుమంది. జోసీ తలెత్తలేదు.

జోసీకి పడ్డ శిక్ష ఇది: క్షమాపణ ఉత్తరం రాసి, నాన్నకు చదివి వినిపించి, సంతకం తేవాలి. మూడు మంగళవారాలు జ్యూరీలో కూర్చోవాలి. శిక్ష పడ్డవాళ్లే తర్వాత ఇంకొకరికి శిక్ష వేయడం అక్కడి ఆనవాయితీ. నాన్న సంతకం మాత్రం లొరెట్టా సొంత తెలివి.

మరుసటి వారం జోసీ సంతకం తెచ్చి, మూడో కుర్చీలో కూర్చుంది. ఆ రోజు కేసు టోపీ దొంగిలించిన పిల్లాడిది.

"అది నీకెందుకు కావాల్సొచ్చింది?" అనడిగింది జోసీ, మెల్లగా.

కిందటి వారం జోసీని ఎవరూ అడగని ప్రశ్న. లొరెట్టా తిరిగి చూసింది. మందంగా అద్దిన పౌడరు కింద జోసీ చెంప మీద నాలుగు వేళ్లు తేలి ఉన్నాయి.

ఎవరికైనా చెప్పాలి. కానీ ఆ గదిలో చూసింది, విన్నది గడప దాటనివ్వనని చెయ్యెత్తి ప్రమాణం చేసిందాయె. ఒట్టు తప్పితే కోటు ఊడుతుంది. ఆ వెధవ కోటు కోసం వారం రోజులు నోరు కుట్టేసుకుంది. మళ్లీ మంగళవారం, ఇక తాళలేక, కోర్టు బాగోగులు చూసే హాల్వర్‌సన్ మేడమ్‌తో చెప్పేసింది.

"పిచ్చిదానా, పిల్లకి దెబ్బలు తగుల్తుంటే ఒట్టేమిటే? ఆ రోజే చెప్పొద్దూ?" అంటూ ఆవిడ ఫోను అందుకుంది.

పోలీసులు వెళ్లి చూస్తే జోసీ వాళ్ల ఇల్లు ఖాళీ. ఎటు పోయారో ఇరుగుపొరుగుకీ తెలియదు.

ఇరవై రెండేళ్లయింది. లొరెట్టా ఇప్పుడు అదే గదిలో కొత్త పిల్లలకు పని నేర్పుతోంది. సంతకం శిక్ష తీయించేసింది. ముందు ఏమడగాలంటే జోసీ ప్రశ్నే చెబుతుంది. మూడో కుర్చీలో ఎవరు కూర్చున్నా చూపు వాళ్ల చెంప మీదికే పోతుంది.

జోసీ రావాల్సిన మంగళవారాలు ఇంకా రెండున్నాయి.