చేపను పక్షి తిన్నది

నాలుగు ముక్కలు జపనీస్ వస్తే చాలు, కంప్యూటర్ కంపెనీల వాళ్ళు కారు పంపి మరీ తీసుకెళ్తారని మా ఏలూరులో అందరూ నమ్మిన రోజులవి. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. నేను డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో కూర్చున్నాను. తాడేపల్లిగూడెంలో ఒక టైలరు షాపు మేడమీద జపనీస్ నేర్పుతున్నారని తెలిసి, రోజూ పొద్దున్నే పాసింజరెక్కి వెళ్ళేదాన్ని. మాస్టారు మద్రాసులో నేర్చుకొచ్చారట. (జపనీస్ వాక్యాల చివర వచ్చే 'దెస్' ఆయనకి తెలుగులోనూ అంటుకుపోయింది. "కరెంటు పోయింది దెస్" అనేవారు. అందుకే మాకాయన దెస్ మాస్టారు.)

కోర్సు చివర పరీక్ష పెట్టారు. ఫస్టు వచ్చినవాళ్ళు, కొల్లేరు పక్షుల్ని చూడటానికి వస్తున్న ఒక జపాను ఆవిడకి మాటసాయంగా వెళ్ళాలి. నా ఆశంతా దానిమీదే. 'పక్షి చేపను తిన్నది' అన్న వాక్యాన్ని జపనీసులో రాయమన్నారు. నేను చేపను ముందు, పక్షిని తరవాత పెట్టాను. రెండు మార్కులు కొట్టేశారు! ఆ రెండింటితోనే ఫస్టు నా చేతిలోంచి జారి, గణపవరం నుంచి వచ్చే రూళ్ళకర్రకి దక్కింది. (ఆ అమ్మాయి వాక్యాన్ని గీత గీసినట్టు రాసేది లెండి.)

నాకు ఒళ్ళు మండిపోయింది. మనకి 'ను' ఉన్నట్టే వాళ్ళకి 'ఒ' ఉంది. అది తగిలించాక చేప వాక్యంలో ఎక్కడ కూర్చుంటేనేం, లేచి పక్షిని తింటుందా? ఇంటికొచ్చి ఏడుస్తూ చెబితే, మిషన్ స్కూల్లో తెలుగు చెప్పే మా నాన్నగారికి నాకంటే ఎక్కువ కోపమొచ్చింది. మర్నాడు నాతోపాటు ఆయనా రైలెక్కారు. ఇద్దరు మర్యాదస్తులు పోట్లాడుకోవటం ఎంత భయంకరంగా ఉంటుందో ఆ రోజే చూశాను.

"ఏవండీ, క్రియ చివరే ఉంది కదండీ. ముందున్న మాటలు అటూ ఇటూ అయితే మీకొచ్చిన నష్టం ఏంటండీ?" అన్నారు నాన్న.

"నష్టమని కాదండీ. పుస్తకంలో పక్షే ముందుందండీ" అన్నారు మాస్టారు.

"పుస్తకం రాసినాయనకి చేపంటే చులకనేమోనండీ!"

"మీరు పెద్దవారండీ, కూర్చోండి. టీ తెప్పిస్తాను దెస్."

టీ తాగాం. మార్కులు రాలేదు.

అయితే ప్రయాణం రేపనగా, రూళ్ళకర్ర పడవెక్కనని మొరాయించింది. నీళ్ళంటే భయమట. "ఇంక నువ్వే మిగిలావు కదమ్మా" అంటూ మాస్టారు నన్ను తీసుకెళ్ళారు. (ఆ 'మిగిలావు'కి మళ్ళీ మండింది.) ఆటపాక దగ్గర ముగ్గురం పడవెక్కాం. జపానావిడకి మా అమ్మ వయసుంటుంది. కాసేపటికి ఓ గూడబాతు, సంచిలాంటి ముక్కుతో చేపను పట్టి గుటుక్కున మింగింది. నేనింక ఆగలేకపోయాను. లేచి నిలబడి, మాస్టారి మొహంలోకి చూస్తూ, పడవ ఊగేంత గట్టిగా "సకానా ఒ తోరి గ తబెమాష్త!" అన్నాను. చేపను పక్షి తిన్నది!

ఆవిడ బైనాక్యులర్ దించి కంగారుగా నా వైపు చూసింది. నాకర్థమయ్యేలా నెమ్మదిగా, "ఆ చేప మీదా?" అని అడిగింది.

మాస్టారు గబగబా మా తగువంతా వివరించారు. (తనవైపు నుంచే లెండి.) ఆవిడ విని నవ్వింది. వాక్యం తప్పు కాదట, అలా అనొచ్చట. కాకపోతే చేపతో మొదలుపెట్టి అంత గట్టిగా అనేసరికి, నా చేపను ఎవరో తినేశారని ఫిర్యాదు చేస్తున్నట్టు వినిపించిందట.

"చూశారా మాస్టారూ, తప్పు కాదంట!" అని నేనూ, "చూశావా అమ్మా, పక్షి ముందుంటేనే బాగుంటుందంట!" అని ఆయనా ఒకేసారి అన్నాం. తిరుగు బస్సులో ఇద్దరం బిగుసుకుని కూర్చున్నాం. ఏలూరు దగ్గరపడుతుండగా ఆయనే, "పోనీ, ఒక మార్కు వేస్తాన్లే" అన్నారు. "రెండూ వెయ్యండి" అన్నాను. వెయ్యలేదు.

తరవాత ఆ భాషే నాకు అన్నం పెట్టింది. ఇప్పుడు నా వాక్యాన్ని పైవాళ్ళు కొట్టేసి ఇంకోలా రాయమంటే, "సరేనండీ" అని రాసిచ్చేస్తాను. వయసొచ్చింది కదా. అప్పుడప్పుడు మాత్రం, తనది కాని చేప కోసం పడవలో లేచి నిలబడి అరిచిన ఆ పిల్ల గుర్తొస్తుంది. నవ్వుకుంటాను. నవ్వయ్యాక, ఆ పిల్లమీద కాస్త బెంగ పెట్టుకుంటాను.