ఎదురు ఫ్లాట్ అంకుల్ ఎవరికైనా చెప్పారా?

ఎదురు ఫ్లాట్ అంకుల్ పోయారని అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలోని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో చూశాను. కింద మొదటి జవాబు, "కన్ఫర్మా?" అని. ఆయన విషయంలో దేన్నీ వెంటనే నమ్మే అలవాటు మాకు లేదు.

ఈ దేశానికి ఇక ఎవరినీ రానివ్వకూడదని ఒక సంఘం పెట్టిన మనిషి ఆయన. తానూ తెనాలి నుంచి వచ్చినవారే. శనివారాలు ఇండియన్ స్టోర్ బయట నిలబడి, ఉప్మారవ్వ కొనడానికి వచ్చిన మాకే కరపత్రాలు పంచేవారు. "ఇల్లు నిండాక తలుపేసుకోవాలమ్మా, అందులో కోపమేముంది?" అనేవారు. "మీరొచ్చాకే నిండిందా అంకుల్?" అంటే పకపకా నవ్వి, "నేనొచ్చినప్పుడు ఖాళీగా ఉందమ్మా మరి" అనేవారు. కుండీలో పెంచిన కరివేపాకు తెచ్చి ఇస్తూ, నా భుజం మీదుగా లోపల ఎన్ని జతల చెప్పులున్నాయో చూసేవారు. చూసేవారనే నా నమ్మకం. కరివేపాకు మాత్రం చాలా బాగుండేది.

నిరుడు నా ఉద్యోగం పోయింది. వీసా రూల్ ప్రకారం రెండు నెలల్లో ఇంకొకటి దొరక్కపోతే దేశం వదిలి వెళ్ళాలి. ఆ సంగతి తెలిస్తే ఆయన ఇమిగ్రేషన్ వాళ్ళలో ఎవరికి చెబుతారోనని భయం. అందుకని రోజూ ఆఫీస్ టైముకే బ్యాగు తగిలించుకుని బయల్దేరి, లైబ్రరీలో కూర్చునేదాన్ని. ఒకరోజు తలెత్తితే ఎదురుగా అంకుల్.

"ఇవాళ కూడా ఆఫీస్ ఇక్కడేనా అమ్మా?"

ఇవాళ కూడా అన్నారంటే, అంతకుముందూ చూశారన్నమాట. "వర్క్ ఫ్రమ్ హోమ్ అంకుల్" అన్నాను, లైబ్రరీలో కూర్చుని.

"ఆ కిటికీ పక్కకి మారు. ఇక్కడ ఏసీ నెత్తిన కొడుతుంది" అని వెళ్ళిపోయారు. నేను లైబ్రరీయే మార్చాను.

ఉద్యోగం దొరికేదాకా డోర్‌బెల్ మోగితే ఉలిక్కిపడేదాన్ని. ఎవరూ రాలేదు. ఆయన చెప్పలేదో, చెప్పినా ఎవరూ పట్టించుకోలేదో ఇప్పటికీ తెలియదు. చెప్పలేదనే అనుకోవాలని ఉంది. ఆయన లేరంటే బాధగానూ ఉంది.

ఆయన్ని ఆఖరి చూపు చూడ్డానికి వెళ్ళి, ఫ్యూనరల్ హోమ్‌లో మా అపార్ట్‌మెంట్ వాళ్ళం ఒక మూల నిలబడ్డాం. కాసేపటికి ఎవరో వీసా స్టాంపింగ్ సంగతి ఎత్తారు. "నాకైతే లేఆఫ్ అయింది, ఇంకో నెల టైముంది" అని ఒకతను పైకే చెప్పేశాడు. అంతలో అంకుల్ గారి భార్య మా వైపు వచ్చారు. అందరం టక్కున నోళ్ళు మూసుకున్నాం.

ఆవిడ మా ముఖాలు చూశారు. "మాట్లాడుకోండి నాన్నా. ఆయన లేరుగా" అన్నారు.

ఎవరమూ నోరు తెరవలేదు. ఆవిడ కాసేపు అక్కడే నిలబడి, వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నారు.