సైలెన్స్ ఫాదరూ, ఇరవై ఒక్క టెంకాయలూ

ఆ రోజుల్లో పరీక్షల కాలం వచ్చిందంటే మా బస్సు దారిలో ఉన్న దేవుళ్ళందరికీ పని పడేది. పెరంబూరులో ఎక్కింది మొదలు కాలేజీ దాకా కనిపించిన ప్రతి గుడికీ, చర్చికీ, దర్గాకీ కిటికీలోంచే దండం పెట్టుకుంటూ పోయేదాన్ని. ఇంతటి విశాల హృదయం భక్తి వల్ల వచ్చిందనుకునేరు, లెక్కల వల్ల వచ్చింది. తప్పిన పేపరుని చెన్నైలో అరియర్ అంటారు. (“ఎన్ని అరియర్లు?” అని అడగడం మా కాలేజీల్లో “బాగున్నావా?” అని పలకరించడంతో సమానం.) నాకున్నది ఒక్కటే, మూడో సెమిస్టరు మ్యాథ్స్. అదొక్కటే మూడుసార్లు రాసి మూడుసార్లూ తప్పాను. ఈలోగా ఆఖరి సంవత్సరంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఏ కళనుందో నన్ను ఎంచుకుంది, అరియర్ లేని పట్టా తెస్తేనే ఉద్యోగం అని ఒక మెలిక పెట్టి మరీ. నాలుగోసారి కూడా తప్పానా, ఉద్యోగం గోవిందా.

మాది ఒక క్రైస్తవ సంస్థ నడిపే ప్రైవేటు యూనివర్సిటీ. అమ్మాయిలు చున్నీకి రెండు భుజాల మీదా పిన్నులు పెట్టుకోవాలి, శుక్రవారం పొద్దున ప్రార్థనకి ఏ మతం వాళ్ళైనా హాజరు కావాలి. నేను కీర్తనలు ఎంత తన్మయంగా పాడేదాన్నంటే, చర్చి పాటలు పాడే కాయిర్ అమ్మాయిలు డిసెంబరు దాకా నన్ను వాళ్ళ మనిషనే అనుకున్నారు. క్యాంపస్ మధ్యలో చాపెల్, అంటే కాలేజీ వాళ్ళ చిన్న చర్చి. దాని చుట్టూ చీమ చిటుక్కుమనకూడదు. ఎవరి చెప్పులైనా టపటపలాడితే చాలు, తెల్ల అంగీలో ఒక ఫాదర్ ఎక్కడినుంచో ఊడిపడి “సైలెన్స్!” అని కిటికీలు అదిరేలా అరిచేవారు. నిజానికి ఆ నిశ్శబ్దాన్ని చెడగొట్టేది ఆయనొక్కరే. ఆయనకి మేం సైలెన్స్ ఫాదర్ అని పేరు పెట్టుకున్నాం. మ్యాథ్స్ చెప్పేదీ ఆయనే. అరియర్ పిల్లల్ని రోజూ సాయంత్రం కూర్చోబెట్టి, విసుక్కుంటూనే, మొదటినుంచీ చెప్పేవారు. నేను బోర్డు ముందు నిలబడి లెక్క చేస్తుంటే ఆయన కళ్ళు మూసుకునేవారు. ప్రార్థిస్తున్నారో, చూడలేకపోతున్నారో నాకు తెలిసేది కాదు.

నాలుగో ప్రయత్నం నాడు మా అవ్వ (నాన్న వాళ్ళమ్మ) నాకు తోడుగా వచ్చింది. తరతరాలుగా మద్రాసులోనే ఉన్నా తెలుగుని, మొండితనాన్ని వదలని మనిషి. పరీక్ష రాసి బయటికొచ్చేసరికి చాపెల్ ఎదురుగా చేతులు జోడించుకుని నిలబడి ఉంది.

“మొక్కుకున్నానమ్మీ. నువ్వు పాసైతే ఈడ ఇరవై ఒక్క టెంకాయ కొడతానని.”

“అవ్వా! ఇది చాపెల్. ఈడ టెంకాయలు కొట్టరు. కావాలంటే మన వినాయకుడికి మొక్కుకో.”

“చదివింది ఈయన ఇంట్లో. మొక్కు ఆడ తీరిస్తే ఎట్లా? కరెంటు బిల్లు తీసకపోయి రేషన్ షాపులో కడతారా ఎవురన్నా?”

పోనీలే, ఎలాగూ తప్పుతాను కదా అన్న ధైర్యంతో ఊరుకున్నాను.

పాసయ్యాను! ఫోనులో రిజల్టు చూసి నేను వేసిన కేకకి పక్కింటావిడ పరిగెత్తుకుంటూ వచ్చింది. అమ్మ పాయసం కాచింది. అందరం గిన్నెలు నాకుతుంటే అవ్వ మాత్రం ముట్టలేదు. “మొక్కు తీరేదాకా నేను అన్నం తినను. కాపీ తాగతా” అంది. నాన్న బతిమాలాడు, అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అవ్వ కాఫీ గ్లాసుతో గోడకి ఆనుకుని కూర్చుని “ఇచ్చినాయన వెనక్కి తీసుకుంటే ఏం జేస్తారు?” అనేది. రోజులు గడిచేకొద్దీ ఆమె గొంతు పీలగా అయిపోయింది, లేచి నిలబడితే గోడ పట్టుకుంటోంది. నాకు భయం పట్టుకుంది. చాపెల్ ముందు టెంకాయలు కొడితే ఇంకా చేతికి రాని నా పట్టాని ఫాదర్ ఆపేస్తారు, కొట్టకపోతే అవ్వ పడిపోతుంది. చివరికి అవ్వే గెలిచింది. ఒక గోనెసంచి, ఒక ఆటో, అందులో అవ్వా, నేనూ. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన సంచి తడిమి “ఏమిది?” అని గద్దించాడు. అవ్వ మొక్కు సంగతి చెప్పగానే చెప్పులు విప్పేసి, తనే సంచి భుజాన వేసుకుని చాపెల్ దాకా మోశాడు.

మెట్లమీద ఫాదర్ ప్రత్యక్షం. (తర్వాతి మాటలన్నీ తమిళంలో జరిగాయి. అవ్వ తమిళంలో సగం తెలుగే కాబట్టి నేను మార్చింది కొంచెమే.)

“అమ్మా, మా దేవుడు టెంకాయలు అడగడు.”

“ఆయన అడగలా సామీ. నేనే ఇస్తానన్నా. అని ఇయ్యకుంటే మర్యాదగా ఉంటాదా?”

ఫాదర్ నా వైపు చూశారు. నేను ఆకాశం వైపు చూశాను. అప్పుడాయన అసలు బాధ బయటపెట్టారు. “ప్రతి సాయంత్రం ఈ పిల్లకి లెక్కలు చెప్పి గొంతు పోగొట్టుకున్నది నేనమ్మా. పాసైంది అందువల్ల. టెంకాయ వల్ల కాదు.”

“మీరు చెప్పలేదని ఎవురన్నారు సామీ? మునుపు మూడు తూర్లు కూడా మీరే గదా చెప్పినారు? అప్పుడు టెంకాయ లేదు, తప్పింది. ఈ తూరి టెంకాయ ఉండాది, పాసయింది. మీరు లెక్కల వాద్యారు. మీరే లెక్క చూడండి.”

ఆయన నిజంగానే వేళ్ళు మడిచి లెక్క చూడబోయారు. ఆ సందులో నేను “పాసైన రోజు నుంచీ అవ్వ అన్నం తినలేదు ఫాదర్” అని గొణిగాను. ఆయన ఉలిక్కిపడి అవ్వని కిందినుంచి పైదాకా చూశారు. ఆమె రెండు చేతులా రెయిలింగు పట్టుకుని నిలబడి ఉంది.

“సరి సరి, కొట్టండి. కానీ సైలెన్స్!”

“సద్దే రాదు సామీ” అంటూ అవ్వ మొదటి టెంకాయ ఎత్తి మెట్టుకేసి కొట్టింది. అమ్మ బాబోయ్! తుపాకీ పేలినట్టయింది. చాపెల్ మీది పావురాలన్నీ ఒక్కసారిగా లేచాయి, అన్ని అంతస్తుల కిటికీల్లోనూ తలకాయలు మొలిచాయి. చెన్నై పిల్లలకి టెంకాయ పగిలిన చప్పుడు వినపడితే కాళ్ళు ఆగవు కదా, ముక్కల కోసం క్లాసులు క్లాసులే దిగొచ్చాయి. అవ్వ “ఫట్” అనిపించడం, ఫాదర్ “సైలెన్స్!” అనడం. మళ్ళీ ఫట్, మళ్ళీ సైలెన్స్. కాసేపటికి పిల్లలకి తాళం దొరికింది. టెంకాయ పగలగానే క్యాంపస్ మొత్తం ఒక్క గొంతుతో “సైలెన్స్!” అని అరవడం మొదలుపెట్టింది. కాయిర్ అమ్మాయిలు అందులోనూ రెండు శ్రుతులు పట్టారు. అన్నం లేక నీరసించిన అవ్వకి అంత సత్తువ ఎక్కడినుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

చివరి టెంకాయ ఆమె ఫాదర్ చేతిలో పెట్టింది. “ఇది మీరు కొట్టండి సామీ. చెప్పింది మీరే గదా.” ఆయన మొహమాటంగా ఒకటి వేశారు. అది పగలకుండా ఎగిరి, దొర్లి, సెక్యూరిటీ ఆయన కాళ్ళ దగ్గర ఆగింది. అవ్వ దాన్ని తెప్పించి మళ్ళీ చేతికిచ్చింది. “గట్టిగా సామీ. మీకు బాగా కోపం తెప్పించేది ఏదన్నా మనసులో తలుచుకోండి.”

ఆయన ఒక్కసారి నేను దాక్కున్న వైపు చూశారు. టెంకాయ పొడి పొడి అయిపోయింది.

తర్వాత ఆయనే అవ్వని చెయ్యి పట్టుకుని మెస్సుకి తీసుకెళ్ళి, సాంబారన్నం దగ్గరుండి వడ్డించారు. “ఉప్పు తక్కువ సామీ” అంటూనే ఆమె రెండోసారి పెట్టించుకుంది. నా పట్టాకి ఏమీ కాలేదు. ఆ ఉద్యోగంలోనే చేరాను, నాలుగు చోట్లు మారాను. పరీక్షలు అయిపోయాయనుకోకండి, ఇప్పుడూ ఏదో ఒకటి నెత్తిన ఉంటూనే ఉంటుంది. అవ్వే లేదు. నా కోసం మొక్కుకుని, అది తీరేదాకా అన్నం ముట్టనని గోడకి ఆనుకుని కూర్చునేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.

ఆ రోజు టెంకాయల గొడవలో నేనెక్కడున్నానంటారా? వరండా స్తంభం వెనక. చున్నీతో మొహం కప్పుకుందామంటే రెండు పక్కలా పిన్నులాయె. పుస్తకాల సంచి అడ్డం పెట్టుకుని, భూమి చీలితే బాగుండునని చూస్తున్నాను. ఆ పూట క్యాంపస్‌లో కొబ్బరి నమలని నోరు లేదు, నాది తప్ప. ఆ స్తంభం వెనక పిల్ల ఇప్పుడు కనిపిస్తే నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. “సంచి దించవే పిచ్చిదానా, పరిగెత్తి ఒక ముక్క తెచ్చుకో. అవన్నీ నీ పేరు మీద కొట్టినవే” అని చెప్పాలనిపిస్తుంది.