పటేల్ బుక్కులో లేని బిడ్డ

నా చిన్నప్పుడు నాకు ఒక చచ్చిపోయిన పిల్ల మీద కుళ్లు ఉండేది. ఆ పిల్ల మా అక్క. నేను పుట్టకముందే, ఏడాదైనా నిండకుండానే పోయిందట. ఆమె మొహం కూడా నేనెరుగను. అయినా ఆమె పేరెత్తితే చాలు, నాకు కడుపు మండేది.

మండదా మరి! ఖానాపూర్ దగ్గర మా ఊళ్లో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా పోలీస్ పటేల్ తన బుక్కులో రాసుకోవాలి. అక్క పుట్టగానే మా బాపు వెళ్లి రాయించి, ఆ తేదీని చీటీ మీద దింపించుకొచ్చాడు. మా అవ్వ, అంటే అమ్మ, ఆ చీటీని పసుపు గుడ్డలో చుట్టి సందుకలో దాచుకుంది. ఆమెకు చదువు రాదు, ఆ తేదీ మాత్రం నోటికి వచ్చు. నేనెప్పుడు పుట్టానని అడిగితే, పత్తి ఏరే దినాలని చెప్పి పనిలో పడిపోయేది. పైగా అక్క పేరు లక్ష్మి, నా పేరు పెంటమ్మ.

నన్ను బడిలో వేసింది మా పెద్దవ్వ, అంటే అవ్వకు అక్క. సార్ నా పుట్టిన తేదీ అడిగితే ఆమె కూడా పత్తి ఏరే దినాలనే మొదలుపెట్టింది. నేను టక్కున అక్క తేదీ చెప్పేశాను. నా వయసుకు రెండేళ్లు ఎక్కువైనా సార్ రాసేసుకున్నాడు. ఇంటికి ఎగురుకుంటూ వచ్చాను.

అవ్వకు తెలియగానే చేతిలో చాట పడేసి, నన్ను రెక్క పట్టుకొని మళ్లీ బడికి లాక్కెళ్లింది. సార్ ముందు చేతులు జోడించింది.

"గది నా సచ్చిన బిడ్డ తేది సారూ. గీ పిల్లకద్దు. జర కొట్టేయుండ్రి."

సార్ కొట్టేసి, తేదీ తెలియని పిల్లలందరికీ వేసేదే నాకూ వేశాడు. దారంతా ఏడ్చాను. చచ్చినదాని తేదీ కూడా నాకు ఇవ్వబుద్ధి కాలేదు, అవ్వకు అదంటేనే ప్రాణం అనుకున్నాను. ఆ పూట అన్నం ముట్టలేదు. అవ్వకు నేనంటే ఇష్టం లేదని పెద్దవ్వతో అనేశాను కూడా.

పెద్దవ్వ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"పెద్దదాన్ని మురిపెంగ రాయించిర్రు, దక్కలే. నువ్వు పుట్టినంక మీ అవ్వ ఎవ్వల్ని రాయనియ్యలే. నిన్ను చాటల ఏసి పెంటకుప్ప మీద పెట్టి, గిది నా బిడ్డ గాదని అందరితోని అన్నది. నేను ఎత్తుకచ్చి పిడికెడు నూకలకు మీ అవ్వకే అమ్మిన. గందుకే నీకా పేరు. ఇయ్యాల గా తేది నీ మీద పడ్డదని తెలిసి దానికి కాలుసెయ్యి ఆడలే బిడ్డా."

నాకు సగమే అర్థమైంది. కానీ లేచి వెళ్లి అవ్వ పక్కన కూర్చొని అన్నం తిన్నాను.

ఇప్పుడు నా ఆధార్ కార్డు మీద ఉన్నది సార్ వేసిన తేదీనే. ఆ రోజున మనవరాళ్లు కేకు కోయిస్తారు. అసలు తేదీ చెప్పేవాళ్లు ఎవరూ మిగల్లేదు. అబద్ధమెందుకు, పుట్టగానే ఇంటిల్లిపాదీ మురిసిపోయే పిల్లల్ని చూస్తే నాకు ఇప్పటికీ కాస్త కుళ్లే. కానీ నేను పుట్టిన రోజు మా అవ్వకు మాత్రం మురిపెం లేకనా? పచ్చి బాలింత, తన కడుపున పుట్టినదాన్ని తనది కాదని నలుగురి ముందు చెప్పింది, నేను బతకాలని.