కిటికీ పక్క బల్ల మీది తెలుగు పుస్తకం

దయ్యాలంటే నా దృష్టిలో 133. గ్రంథాలయాల్లో ఆ పుస్తకాలకు వేసే నంబరది. ఏ అరలో పెట్టాలో తెలిశాక ఇంకా భయమెందుకర్రా అని లైబ్రరీ సైన్స్ క్లాసులో పిల్లల్ని నవ్వించేదాన్ని. ఇప్పటికీ నమ్ముతానని చెప్పను. జరిగింది చెబుతాను.

సూరత్‌లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి రిటైరయ్యాక, ఆ ఊళ్లోనే వడోద్ దగ్గర ఓ చిన్న గ్రంథాలయం చూసుకుంటున్నాను. చుట్టుపక్కలంతా సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన మగ్గం కార్మికులు. వాళ్ల కోసం ఎవరో బీరువా నిండా తెలుగు పుస్తకాలిచ్చారు. ఎవరూ ముట్టుకోలేదు. ఈ నెలా చదివేవాళ్లు రాకపోతే చిత్తుకాగితాల కింద అమ్మేస్తామని కమిటీవాళ్లు తేల్చేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. పుస్తకాలను కిలోల లెక్కన తూస్తారా!

మాకో పద్ధతుంది. చదివిన పుస్తకాన్ని పాఠకులు అరలో పెట్టకూడదు, బల్ల మీదే వదలాలి. దాన్నిబట్టే ఏవి చదివారో మాకు తెలుస్తుంది. సాయంత్రం అన్నీ సర్ది నేనే తాళం వేస్తాను.

ఒక పొద్దున తలుపు తీసేసరికి కిటికీ పక్క బల్ల మీద తెలుగు పుస్తకం ఉంది. ఊడ్చే హంసాబెన్ మీద విరుచుకుపడ్డాను. "నాకు తెలుగు అక్షరమే రాదు మేడం, నేనెందుకు తీస్తాను?" అంది హిందీలో. నిజమే కదా. మర్నాడు ఇంకొకటి, అరలో దాని పక్కదే. ఆ మర్నాడు దాని పక్కది. అట్ట మీద సన్నటి నూలు పీచు. తాళం మార్చాను. అయినా ఆగలేదు.

కమిటీకి చెబితే నవ్వులపాలవుతానని ఊరుకున్నాను. నెలాఖరు దగ్గరపడుతుంటే గుండెల్లో గుబులు.

ఒక సోమవారం మధ్యాహ్నం రాజమల్లు అనే మగ్గం కార్మికుడు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"మేడం, గీడ తెలుగు పుస్తకాలున్నయి గదా? నాకొకటి ఇస్తరా జర?"

"ఎవరు చెప్పారు నాయనా?"

"నిన్న ఇటుకెల్లి పోతుంటే కిటికీల నుంచి చూసిన. ఓ పెద్దమనిషి గా బల్ల కాడ కూసోని తెలుగు పుస్తకం చదువుతుండె. లోపలికి రమ్మని చెయ్యూపిండు. వస్తే తలుపుకు తాళం ఉండె."

నిన్న ఆదివారం. మాకు సెలవు.

అతనికి సభ్యత్వం ఇచ్చి, పుస్తకం చేతిలో పెట్టాను. వారం తిరక్కుండా తన గదిలోవాళ్లందర్నీ వెంటేసుకొచ్చాడు. బీరువా నిలిచింది, నా ప్రాణం కుదుటపడింది. పొద్దున బల్ల మీద పుస్తకాలు కనబడటం మాత్రం ఆగిపోయింది.

ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నా నాకు అంతుచిక్కలేదు. రాజమల్లు ఇప్పటికీ ఆ కిటికీ పక్క కుర్చీలో కూర్చోడు. ఎంత రద్దీగా ఉన్నా గోడవారగా నిలబడి చదువుకుంటాడు.

"ఆయనొస్తే యాడ కూసుంటడు మేడం?" అంటాడు.

కూర్చోమని నేనూ అనలేకపోతున్నాను.