ఖాళీగా ఉండకూడని గడి

జాతికుక్కల సంఘం కార్యాలయంలో ముప్పై ఒక్కేళ్లు కూర్చుని కుక్కల తాతముత్తాతల పేర్లు రాసిన మనిషి ఆయన. అందరూ వంశాల గుమాస్తా అనేవారు. తన ముత్తాత పేరు అడిగితే తడుముకునేవాడు గానీ, ఏ స్పానియల్ జాతి కుక్కకైనా ఏడు తరాలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాడు. ఇంతా చేసి కుక్కను చేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు. చిన్నప్పుడు ఒకటి పిక్క పట్టుకుందట. అప్పటినుంచి ఆయనకు కుక్కలంటే కాగితం మీదే ముద్దు.

ఆ కార్యాలయానికి ఒకటే నియమం. దరఖాస్తులో తండ్రి గడి ఖాళీగా ఉంటే అది వచ్చిన దారినే తిరిగిపోవాలి. గుమాస్తా ఆ పని ఎంత శ్రద్ధగా చేసేవాడంటే, ఆయన బల్ల ముందు నిలబడి బతిమాలి, కళ్లనీళ్లు పెట్టుకుని వెళ్లినవాళ్లు కూడా ఉన్నారు. అలా అని ఆయనకు జాతుల గుట్టు తెలియక కాదు. సంఘం మాసపత్రికలో అడుగున మిగిలిన జాగా నింపేది ఆయనే. పూర్వం పాతిక పౌన్లు దాటని స్పానియల్‌ను కాకర్ అనీ, దాటితే స్ప్రింగర్ అనీ రాసుకునేవారని ఆయనే రాశాడు. ఒకే తల్లి పాలు తాగిన తోబుట్టువులు, రెండు ముద్దలు ఎక్కువ తిన్న పాపానికి వేరే జాతి అయిపోయేవన్నమాట. సముద్రపు గుర్రాల్లో పిల్లల్ని కనేది మగదేనని మరో నెల రాసి, వాటికి తండ్రి గడితో పేచీ ఉండదని చమత్కరించాడు. అదంతా పత్రికకే. బల్ల దగ్గర మాత్రం చమత్కారాలు చెల్లేవి కావు.

ఇంట్లోనూ చెల్లలేదు. పెళ్లయిన కొత్తలో కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ, చెవులు వేలాడే పసుపుపచ్చ కుక్కపిల్లను ఆయన భార్య ఒడిలో పెట్టింది. రెండు రోజులు అది ఇల్లంతా గునగున తిరిగింది. మూడో రోజు ఆయన కిందికి దిగి దాని తండ్రి ఎవరని అడిగాడు. ఆవిడ నవ్వి, వీధిలో ఎవరినని చెప్పను అంది. సంఘం గుమాస్తా ఇంట్లో తండ్రి పేరు లేని కుక్కా అని ఆయన దాన్ని వెనక్కి పంపించేశాడు. వాళ్లకు పిల్లలు కలగలేదు. భార్య కుక్క మాట ఎత్తినప్పుడల్లా, మంచి వంశం చూసి తెద్దాం అనేవాడు. కొన్నేళ్లకు ఆవిడ అడగడం మానేసింది. ఆవిడకు ఆశ చచ్చిపోయిందన్న సంగతి ఆయన గమనించలేదు. ఒప్పుకుందనుకున్నాడు.

ఉద్యోగం ముగిసే నెలలో ఆయనకు ఆ మాట గుర్తొచ్చింది. పుస్తకాలన్నీ తిరగేసి, మచ్చలేని వంశం ఒకటి ఏరాడు. అది అధ్యక్షుడి స్పానియల్‌ది. పోటీల్లో పతకాలు కొట్టిన కుక్క. దాని పిల్లను ఆదివారం ఇంటికి పంపుతానని అధ్యక్షుడు మాటిచ్చాడు. భార్య పాత దుప్పటి మడిచి పరుపు కుట్టింది. ఎన్నో ఏళ్లకు ఆవిడ ముఖంలో ఆ కళ చూసి ఆయన పొంగిపోయాడు.

గురువారం ఇనప బీరువా ఖాళీ చేస్తుంటే ఆయన ఉద్యోగంలో చేరిన మొదటి నెల నాటి చీటీ ఒకటి దొరికింది. కుక్కలు పెంచే మనిషి రాసింది. దొడ్డి తలుపు మూయడం మరిచామనీ, పిల్లల తండ్రి ఎవరో తెలియదనీ, ఏం రాయాలో మీరే చెప్పండనీ. చదవగానే ఆయనకు అప్పుడు తను చేసిన పని గుర్తొచ్చింది. కొత్త ఉద్యోగం, ఖాళీ గడితో పుస్తకం పైవాళ్ల దగ్గరికి పోతే చీవాట్లు తినాలన్న బెదురు. ఆ దొడ్లోకెల్లా పేరున్న మగకుక్క పేరు రాసిపారేశాడు. అధ్యక్షుడి పతకాల వంశం మొదలైంది ఆ కాన్పుతోనే.

చీటీ పట్టుకుని అధ్యక్షుడి దగ్గరికి వెళ్లాడు. అధ్యక్షుడు దాన్ని చదివి, మడిచి, తన సొరుగులో వేసుకున్నాడు.

"గుమాస్తాగారూ, గోల్డెన్ రిట్రీవర్లు రష్యా సర్కస్ నుంచి వచ్చాయని లోకం ఎన్నేళ్లు నమ్మిందో మీరే రాశారు. వాటిని మొదట పెంచిన దొరగారి పాత పుస్తకాలు బయటపడ్డాక తేలిందేమిటి? ఒక పసుపుపచ్చ వేటకుక్క, ఒక నీటి స్పానియల్, వాటి సంతానం, అంతే. దాంతో ఆ కుక్కలకేమైనా లోటొచ్చిందా? ఇంటికెళ్లండి."

మర్నాడు సన్మానంలో, ఒక్క తప్పు కూడా రాయని చెయ్యి అని అధ్యక్షుడే ఆయన్ను పొగిడి శాలువా కప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సిగ్గుతో చచ్చిపోతూనే ఆయన దండం పెట్టాడు.

ఇంటికొచ్చి భార్యకు అంతా చెప్పాడు. ఆవిడ శాంతంగా విన్నది.

"అయితే దీనికీ, మీరు వెనక్కి పంపిన దానికీ తేడా ఏమిటండీ?"

"ఏమీ లేదు," అన్నాడు.

"నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. దాని వెనకాల పరుగెత్తాలని ఉండేది. ఇప్పుడు మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాలి. దీన్ని ఎవరు తిప్పుతారు? వద్దని చెప్పేయండి."

"నేను తిప్పుతాను," అన్నాడు.

"మీకు భయం కదా."

"భయమే."

ఆదివారం కుక్కపిల్ల వచ్చింది. ఆయన గొలుసును పామును పట్టుకున్నట్టు దూరంగా పట్టుకుని వీధిలోకి నడిచాడు. మలుపు దగ్గర కుక్కపిల్ల మొండికేసింది. పై కిటికీలోంచి ఆయన భార్య దాన్ని ఒక పేరుతో పిలిచింది. ఆ పేరు ఆయన ఎన్నడూ వినలేదు. కుక్కపిల్ల తలెత్తి చూసి, తోకాడించి నడక సాగించింది.

తిరిగొచ్చాక, ఆ పేరు ఎప్పుడు అనుకున్నావని అడిగాడు.

"ఇది అప్పటి దాని పేరండీ," అంది ఆవిడ, పిల్లను ఒళ్లోకి తీసుకుంటూ. "ఉన్న రెండు రోజులూ, మీరు ఆఫీసుకెళ్లాక అలాగే పిలిచాను. మీరు తండ్రి పేరే అడిగారు, దాని పేరు అడగలేదు."